ఆంగ్ల ప్రశ్నపత్రం - తెలుగు విద్యార్థి

కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో డిగ్రీ చదువులకు చేరగోరే విద్యార్థుల కోసం 2022వ సంవత్సరం నుండి సి.యు.ఇ.టి. అనే ఉమ్మడి ప్రవేశపరీక్ష జరుగుతున్నది. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల కోసం క్లాట్ అనే పరీక్ష 2008 నుండి అమలులో ఉన్నది. హైదరాబాదులోని నల్సార్‌లో గాని, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయంలో గాని చోటు కావలెనంటే ఆ పరీక్షను దాటవలసిందే. ఇంటర్మీడియట్‌లో ఎన్ని మార్కులు వచ్చినవన్న ప్రశ్న వెనుకబడి, ప్రవేశపరీక్షలో ఎన్ని వచ్చినవన్నదే ముందుకు వచ్చినది. ఈ పరీక్షలలో ఆంగ్లభాషా విభాగం దగ్గరకు వచ్చేసరికి మన విద్యార్థులలో చాలామంది తడబడుతున్నారు. గణితంలో ఎవరికీ తీసిపోని బాలుడు పది వాక్యాల ఆంగ్ల గద్యం ముందు నిలువలేకపోతున్నాడు. పల్లెటూరి పాఠశాలలో చదివి, ఇంటిలో ఆంగ్లం మాట వినబడని బాలిక అవస్థ మరీ కష్టం. ఈ కష్టానికి మందు ఏమిటి, దానిని ఎవరు ఇవ్వవలెను అనే విషయాన్ని ఉపాధ్యాయులు, విద్యార్థులు నిదానంగా ఆలోచించవలసి ఉన్నది.

మందు చెప్పడానికి ముందు రోగం తెలియవలెను. ఆంగ్ల విభాగం అడిగేది ఏమిటి? 2025 నాటి నియమాల ప్రకారం సి.యు.ఇ.టి. ఆంగ్ల పత్రంలో 50 ప్రశ్నలు, వ్యవధి 60 నిమిషాలు. ఒప్పు సమాధానానికి 5 మార్కులు కలుపుతారు. తప్పుకు 1 మార్కు తీసివేస్తారు. విషయ వివరణతో కూడినవి, కథనాత్మకమైనవి, సాహిత్య సంబంధమైనవి అని మూడు విధాల గద్యభాగాలు ఇచ్చి వాటిపై ప్రశ్నలు అడుగుతారు. తారుమారైన వాక్యభాగాలను వరుసలో పెట్టడం, సందర్భానికి తగిన పదాన్ని ఎన్నుకొనడం, పర్యాయపదాలు, వ్యతిరేకపదాలు తక్కినవి. క్లాట్‌లో 2025 నాటికి మొత్తం 120 ప్రశ్నలు, 120 నిమిషాలు. అందులో ఆంగ్ల విభాగానికి 22 నుండి 26 ప్రశ్నలు. సుమారు 450 మాటల గద్యభాగాన్ని ఇచ్చి, అందులోని ప్రధానాభిప్రాయమేమిటి, రచయిత వాదమేమిటి, దాని నుండి ఏమి తేలుతున్నది, ఫలానా మాటను ఇక్కడ ఏ అర్థంలో వాడినారు అని అడుగుతారు. న్యాయవిచారం, తర్కం, వర్తమాన వ్యవహారాలు అనే విభాగాలు కూడ 2020 నుండి ఆంగ్ల గద్యభాగాలను చదివి తేల్చవలసినవే. ఆంగ్ల విభాగం పేరుకు అయిదవ వంతు. ఆంగ్ల పఠనం మాత్రం పరీక్ష అంతటా ఉన్నది.

ఈ అంకెలను కొంచెం లెక్కవేసి చూస్తే పరీక్ష స్వరూపం స్పష్టమవుతుంది. సి.యు.ఇ.టి. ఆంగ్ల పత్రంలో ఒక ప్రశ్నకు 72 సెకనులు; గద్యభాగం చదివే కాలం కూడ అందులోనే కలిసి ఉన్నది. క్లాట్‌లో ఒక ప్రశ్నకు ఒక్క నిమిషం. ఒక గద్యభాగానికి ఆరు ప్రశ్నలు అనుకొంటే, చదవడానికి, సమాధానాలు గుర్తించడానికి కలిపి ఆరు నిమిషాలు. నిమిషానికి 150 మాటలు చదవగలవాడు 450 మాటలను మూడు నిమిషాలలో ముగించి, తక్కిన మూడు నిమిషాలు ఆలోచించగలడు. నిమిషానికి 90 మాటలు చదివేవానికి చదువుకే అయిదు నిమిషాలు పడుతుంది. ఆరు ప్రశ్నలకు ఒక్క నిమిషం మిగులుతుంది. ఇద్దరికీ తెలిసిన పదాలు సమానమే కావచ్చు. ఇద్దరి బుద్ధి సమానమే కావచ్చు. తేడా అంతా చదివే అలవాటులో ఉన్నది.

అయితే విద్యార్థులు చేస్తున్న సాధన ఏమిటి? పరీక్షకు మూడు నెలలు ఉన్నదనగా పదాల పట్టిక ఒకటి కొని, ఒక్కొక్క మాటకు ఎదురుగా ఉన్న అర్థాన్ని వల్లెవేయడం. దానికి తోడు వ్యాకరణ సూత్రాల సంగ్రహం, వంద నమూనా పత్రాలు. శ్రమకు లోటు లేదు. కాని పట్టికలో ఒక మాటకు ఒక అర్థం ఉంటుంది. గద్యంలో ఆ మాట పక్కనున్న మాటలను బట్టి అర్థం మార్చుకొంటుంది. ‘శాంక్షన్’ అనే మాట తెలియని తెలుగువాడు లేడు. బ్యాంకులో అప్పు శాంక్షన్ అయినదంటే మంజూరు అయినదని పామరునికి కూడ తెలుసు. ఒక దేశం మరొక దేశం మీద శాంక్షన్లు విధించినదని పత్రికలో చదివినప్పుడు మంజూరు అనే అర్థం పట్టుకొని కూర్చున్నవాడు ఏమి గ్రహించగలడు? అక్కడ దాని అర్థం ఆంక్ష, శిక్షాచర్య. అట్లాగే మనకు ‘నవల’ను ఇచ్చిన ఆంగ్లపదం విశేషణంగా వచ్చినప్పుడు ‘కొత్తది’ అని అర్థం. కథతో దానికి సంబంధమే ఉండదు. పట్టిక కంఠస్థం చేసినవాడు ఇటువంటి చోట్ల, తెలియనివానికంటె ఎక్కువ ధైర్యంతో తప్పు సమాధానం గుర్తిస్తాడు.

పెద్ద మాటలకంటె చిన్న మాటలే విద్యార్థిని ఎక్కువగా మోసగిస్తున్నవి. ‘హార్డ్లీ’, ‘సెల్డమ్’ అనే మాటలలో లేదు, కాదు అనే గుర్తు పైకి కనబడదు. కాని వాక్యం అంతా వ్యతిరేకార్థంలోకి తిరుగుతుంది. ‘అన్‌లెస్’ అనే మాట తన కడుపులోనే నిషేధాన్ని దాచుకొన్నది; తెలుగులో ‘వస్తే తప్ప’ అనే ప్రయోగం చేసే పనిని అది ఒక్కటే చేస్తుంది. ‘దో’, ‘హౌఎవర్’ వంటివి వచ్చినచోట రచయిత అంతవరకు ఒప్పుకొన్నదానిని పక్కకు పెట్టి, తన అసలు మాటకు వస్తున్నాడని గ్రహించవలెను. ఈ చిన్న మాటలేవీ పదపట్టికలలో ఉండవు. అవి అందరికీ తెలిసినవే అని అందరూ అనుకొంటారు. కాని రచయిత ప్రధానాభిప్రాయమేమిటి అనే ప్రశ్నకు సమాధానం తరచు ఆ మలుపు దగ్గరనే ఉంటుంది.

మరొక చిక్కు వాక్యనిర్మాణంలో ఉన్నది. ‘నిన్న కురిసిన వానకు గోడ కూలిన ఇంటిలో ఉండే ముసలివాడు’ అని తెలుగులో అంటాము. విశేషణాలన్నీ ముందు వచ్చి, విశేష్యం చివర వస్తుంది. అటుపిమ్మట వాక్యం చివర క్రియ. ఆంగ్లంలో ముందు ముసలివాడు, తరువాత ఇల్లు, ఆపైన గోడ, చిట్టచివర వాన. తెలుగులో వాన నుండి ముసలివాని దగ్గరకు వస్తాము. ఆంగ్లంలో ముసలివానితో మొదలుపెట్టి వాన దగ్గరకు పోతాము. అంతదూరం పోయిన తరువాత ముసలివాడు ఏమి చేసినాడో చెప్పే క్రియ వస్తుంది. ఈ లోపల కర్త ఎవరో మరచిపోయిన విద్యార్థి, ఆ క్రియను దగ్గరలో ఉన్న వానకో గోడకో అంటగట్టుతాడు. దీనికి కారణం పదజ్ఞానం లేకపోవడం కాదు. ఏ క్రియకు ఏది కర్త అని వెదకే అన్వయదృష్టి అలవడకపోవడం. ఈ రెండు భాషల నడకలోని భేదాన్ని తెలుగు వాక్యం, ఆంగ్ల వాక్యం పక్కపక్కన నల్లబల్ల మీద వ్రాసి ఒక్క వారం చూపిస్తే చాలు, ఎన్నో పొరపాట్లు తొలగిపోతవి.

ఇక్కడనే తెలుగు ఉపాధ్యాయుని ప్రసక్తి వస్తున్నది. ఆంగ్ల పరీక్షతో మనకేమి పని అని తెలుగు ఉపాధ్యాయులు అనుకొనడం సహజమే. కాని ఆంగ్ల విభాగం అడుగుతున్నదంతా మన పాఠం చెప్పే పద్ధతిలో తరతరాలుగా ఉన్నదే. పద్యానికి ప్రతిపదార్థం చెప్పించడం మాటను సందర్భంలో గ్రహించడం. అన్వయం చెప్పించడం కర్తృకర్మక్రియల పొందిక కనుగొనడం. తాత్పర్యం వ్రాయించడం ప్రధానాభిప్రాయాన్ని సంగ్రహించడం. శాస్త్రగ్రంథాలలో పూర్వపక్షాన్ని, సిద్ధాంతాన్ని వేరుచేసి చూడడం మన పండితుల నిత్యకృత్యం. రచయిత ఎదుటివాని మాటను ఎత్తి చెప్పుతున్నాడా, తన మాట చెప్పుతున్నాడా అనేది తెలియక ఎంతమంది విద్యార్థులు ఖండించవలసిన అభిప్రాయాన్నే రచయిత అభిప్రాయమని గుర్తిస్తున్నారో ఉపాధ్యాయులు ఎరుగుదురు. పూర్వపక్షమంటే ఏమిటో తెలుగు గద్యంలో ఒక్కసారి తెలిసినవాడు ఆంగ్లంలో దానిని పోల్చుకొనగలడు.

తారుమారైన వాక్యాలను వరుసలో పెట్టే ప్రశ్ననే తీసుకొందాము. పదాలు కలిసి వాక్యార్థం కావడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు ఉండవలెనని మన శాస్త్రకారులు నిర్ణయించినారు. ఒక పదం విన్నప్పుడు ‘తరువాత ఏమిటి?’ అని మనస్సు ఎదురుచూడడం ఆకాంక్ష. పక్కన వచ్చిన పదం దానితో అర్థంలో పొసగడం యోగ్యత. రెండూ దగ్గరగా ఉండడం సన్నిధి. నాలుగు వాక్యాలు చెదరగొట్టి ఇచ్చినప్పుడు విద్యార్థి చేయవలసింది ఈ విచారణే. ‘అతడు’ అని ఉన్న వాక్యం మొదటిది కాజాలదు. అతడెవరో చెప్పిన వాక్యం దానికి ముందు ఉండవలెను. ‘అందువల్ల’ అని ఉన్న వాక్యానికి ముందు కారణం చెప్పే వాక్యం ఉండి తీరవలెను. ఉపాయాలు చెప్పే గ్రంథాలు దీనినే కొత్త పేర్లతో అమ్ముతున్నవి. తెలుగు వాచకంలోని ఒక పేరాను ముక్కలుగా వ్రాసి, కలిపి చెప్పమంటే ఎనిమిదవ తరగతి బాలుడు ఆటగా నేర్చుకొంటాడు.

రచయిత సూచిస్తున్నదేమిటి అని అడిగే ప్రశ్నలు మరింత కఠినమైనవిగా విద్యార్థులకు తోచుతున్నవి. వీటికి కూడ మన అలంకారశాస్త్రం దారి చూపగలదు. మాటకు నేరుగా వచ్చే అర్థం అభిధ. నేరైన అర్థం పొసగనప్పుడు దానికి సంబంధించిన మరొక అర్థాన్ని తీసుకొనడం లక్షణ. చెప్పకుండానే స్ఫురించేది వ్యంజన. పరీక్షలో ఈ మూడు తెరగుల ప్రశ్నలూ ఉంటవి. గద్యంలో ఉన్నదానిని ఉన్నట్టు అడిగేవి కొన్ని, పలుకుబడులను గురించినవి కొన్ని, సూచితార్థాన్ని గురించినవి కొన్ని. అయితే ఒక హెచ్చరిక అవసరం. కావ్యంలో సహృదయుడు స్వేచ్ఛగా విహరించవచ్చు. పరీక్షలోని గద్యభాగంలో ఆ స్వేచ్ఛ లేదు. అక్కడ వ్రాసి ఉన్న వాక్యాల నుండి తప్పనిసరిగా తేలేదే సమాధానం. విద్యార్థికి బయట తెలిసిన సత్యమైనా సరే, గద్యంలో ఆధారం లేకపోతే అది సమాధానం కాదు. తెలివైన విద్యార్థులు మార్కులు పోగొట్టుకొంటున్నది ఎక్కువగా ఈ చోటనే.

ఇంత సంపద ఉండి కూడ మన విద్యార్థి ఎందుకు తడబడుతున్నాడంటే, తెలుగు తరగతిలో సైతం అతడు చదవడం మానివేసినాడు గనుక. తాత్పర్యం గైడులో సిద్ధంగా ఉన్నది. పాఠ్యాంశ సారాంశం గైడులో ఉన్నది. అపరిచిత గద్యం పేరుతో పదవ తరగతిలో ఇచ్చే ప్రశ్న ఒక్కటే అతని సొంత చదువుకు మిగిలిన చోటు. దానిని కూడ నమూనాలతో అపరిచితం కాకుండ చేస్తున్నారు. ఇంటర్మీడియట్‌లో మార్కులు సులభంగా వస్తవని తెలుగును విడిచి సంస్కృతం తీసుకొంటున్నవారు అనేకులు. సంస్కృతం చదవడం మంచిదే. కాని వారిలో చాలామంది సంస్కృతమూ చదవడం లేదు, పరీక్షకు కావలసిన నాలుగు జవాబులు చదువుతున్నారు. రెండు రాష్ట్రాలలోను ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో భాషావిభాగం లేదు. అందుచేత భాషల గంటలను గణితానికి, భౌతికశాస్త్రానికి మళ్లించే కళాశాలలు ఉన్నవి. ఆ విద్యార్థే సి.యు.ఇ.టి.కో క్లాట్‌కో కూర్చొన్నప్పుడు, రెండేళ్లుగా తనంతట తాను ఒక్క పుట కూడ చదివి ఎరుగడు.

మాధ్యమం మారిస్తే ఈ లోపం తీరుతుందనే నమ్మకం బలంగా ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఆంగ్ల మాధ్యమాన్ని నిర్బంధం చేస్తూ 2019లో వెలువడిన ఉత్తర్వును 2020లో హైకోర్టు కొట్టివేసినది. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 విద్యాసంవత్సరం నుండి ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టినారు. మాధ్యమం ఏది ఉండవలెననే వివాదాన్ని ఇక్కడ తిరగదోడనవసరం లేదు. ఆంగ్లంలో పాఠం వినడం వేరు, ఆంగ్లంలో చదివి గ్రహించడం వేరు అని మాత్రం చెప్పక తప్పదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం 1897లో అచ్చయినది. అందులో గిరీశం, వెంకటేశం కలిసి పొంతన లేని ఆంగ్లపు ముక్కలు వల్లిస్తూ ఉంటే, కొడుకు చదువు చూసి వెంకమ్మ మురిసిపోతుంది. ఆ తల్లి మురిపెంలో తప్పు లేదు. ఆమెను మోసగించినది చదువు పేరిట జరిగిన ప్రదర్శన. కంఠస్థం చేసిన ఆంగ్ల జవాబును గడగడ అప్పజెప్పే బాలుని చూసి నేటి తల్లిదండ్రులు మురిసిపోతున్నప్పుడు ఆ దృశ్యం ఎంత దూరంలో ఉన్నదో ఆలోచించుకొనవలెను.

తెలుగు బాగా చదివితే ఆంగ్లం దానంతట అదే వస్తుందని మాత్రం ఎవరూ పొరపడరాదు. ఒక భాషలో సంపాదించిన పఠనశక్తి మరొక భాషకు ఉపకరిస్తుందని కెనడా విద్యావేత్త జిమ్ కమిన్స్ 1979లో సిద్ధాంతీకరించినారు. పరభాషలో చదవలేకపోవడం చదువు లోపమా, భాష లోపమా అని బ్రిటిష్ పండితుడు చార్లెస్ ఆల్డర్సన్ 1984లో ప్రశ్న వేసి, రెండూ ఉన్నవని, భాషాజ్ఞానం తక్కువగా ఉన్న దశలో భాష లోపమే ఎక్కువ బాధిస్తుందని తేల్చినారు. ఈ రెండు మాటలూ కలిపి చూడవలెను. తెలుగులో అలవడిన అన్వయదృష్టి ఆంగ్లానికి చేరవలెనంటే, చేరడానికి తగినంత ఆంగ్లం అక్కడ ఉండవలెను. కనుక తెలుగు తరగతి పునాది మాత్రమే వేయగలదు. గోడలు లేవవలెనంటే విద్యార్థి ఆంగ్లంలోనే, ప్రతిదినమూ, కొంచెం కొంచెంగా చదవక తప్పదు.

ఆ చదువు ఎట్లా ఉండవలెనో మనకు మేలు చేసిన ఒక ఆంగ్లేయుని జీవితం చెప్పుతున్నది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చినాడు. ఆయనకు తెలుగు పరాయి భాష. వేమన పద్యాలను పట్టుకొని, తాళపత్రాలు సేకరించి, పండితుల సహాయంతో చదివి, 1829 నాటికి ఆ పద్యాలను ఆంగ్లానువాదంతో అచ్చువేయగలిగినాడు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది. గ్రంథాలు చదువుతూ, మాట ఏయే చోట్ల ఏయే అర్థంలో వచ్చినదో గుర్తిస్తూ పోయినవానికి నిఘంటువు ఫలంగా వచ్చినది. మన విద్యార్థి నిఘంటువుతో మొదలుపెట్టి గ్రంథం దగ్గరకు చేరకుండానే అలసిపోతున్నాడు. వరుసను తిప్పవలసి ఉన్నది.

దినానికి ఒక్క పేరా చాలు. మొదటిసారి నిఘంటువు తాకకుండా, ఆగకుండా చదవవలెను. పుస్తకం మూసి, ‘ఇందులో చెప్పిందేమిటి?’ అనే ప్రశ్నకు ఒక్క వాక్యంలో తెలుగులోనే సమాధానం వ్రాయవలెను. రెండవసారి చదివేటప్పుడు క్రియలను, వాటి కర్తలను గుర్తించి, మలుపు తిప్పే చిన్న మాటల కింద గీత గీయవలెను. తెలియని మాటకు చుట్టూ ఉన్న మాటలను బట్టి ఒక అర్థం ఊహించి పక్కన వ్రాసుకొని, అప్పుడు నిఘంటువు తెరవవలెను. ఊహ తప్పినా నష్టం లేదు; తప్పిన ఊహను సరిదిద్దిన మాట మరపునకు రాదు. మూడవసారి చదివిన పిమ్మట అదే సారాంశాన్ని ఆంగ్లంలో ఒక వాక్యంగా వ్రాయవలెను. ఇదంతా ముప్పది నిమిషాల పని. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం నుండి వారానికి ఆరు దినాలు చేసినవాడు రెండేళ్లలో ఆరువందల పేరాలు చదివి ఉంటాడు. పాత ప్రశ్నపత్రాల సాధన చివరి రెండు మూడు నెలలకు ఉంచుకొనవచ్చు. అది కాలాన్ని పంచుకొనడం నేర్పుతుంది, చదవడం నేర్పదు.

ఏమి చదవవలెనన్న చింత అక్కరలేదు. జవహర్‌లాల్ నెహ్రూ 1928 వేసవిలో పదేండ్ల కుమార్తె ఇందిరకు వ్రాసిన 30 లేఖలు 1929లో పుస్తకంగా వచ్చినవి. భూమి పుట్టుక, తొలి మానవులు, భాషలు వంటి విషయాలను బాలిక కోసం వ్రాసినవి గనుక వాక్యాలు పొట్టివి, ఆలోచన స్పష్టమైనది. మొదటి మెట్టుకు అంతకంటె తగినవి అరుదు. తరువాత ఆర్.కె. నారాయణ్ కథలు, మన దక్షిణదేశపు వీధులు, మనుషులు అందులో ఉన్నారు గనుక విషయం పరాయిది కాదు. ఆపైన ఆంగ్ల దినపత్రికలోని సంపాదకీయం. అది వాదంతో నడుస్తుంది గనుక పూర్వపక్ష సిద్ధాంతాలను వేరుచేసే సాధనకు అనువైనది. ఒకే వార్తను తెలుగు పత్రికలో ముందు చదివి, ఆంగ్ల పత్రికలో తరువాత చదవడం మరొక మంచి పద్ధతి. విషయం ముందే తెలిసి ఉన్నందున మాటల అర్థం తనంతట తాను విప్పుకొంటుంది.

పరీక్షామందిరంలో పాటించవలసినవి రెండు మూడు లేకపోలేదు. ప్రశ్నలను ఒకసారి చూసి గద్యం చదివితే, వెదకవలసింది తెలిసి చూపు నిలుస్తుంది. ఒకే ప్రశ్న దగ్గర పట్టుదలతో కూర్చొనరాదు. తప్పుకు మార్కు పోతుందనే భయంతో సగం పత్రం విడిచిపెట్టేవారు, సాహసంతో అన్నింటినీ గుర్తించేవారు ఇద్దరూ లెక్క వేసుకొనవలెను. సి.యు.ఇ.టి.లో నాలుగు సమాధానాలలో ఒకటి ఒప్పు. ఏమీ తెలియక నాలుగు ప్రశ్నలకు గుర్తు పెడితే సగటున ఒకటి ఒప్పయి 5 వస్తవి, మూడు తప్పయి 3 పోతవి, మిగిలేది 2. చదివి, రెండు సమాధానాలు నిశ్చయంగా తప్పని తీసివేయగలిగితే, రెండు ప్రశ్నలకే సగటున 4 మిగులుతవి. క్లాట్‌లో ఒప్పుకు 1, తప్పుకు పావు మార్కు కోత గనుక ఏమీ తెలియని ఊహకు నాలుగు ప్రశ్నలకు పావు మార్కు మాత్రమే దక్కుతుంది. గుడ్డిగా పెట్టిన గుర్తుకు దక్కేది కొంచెం. చదివి తప్పులను తొలగించినవానికి దక్కేది ఎక్కువ. అంకెలు కూడ చదువు వైపే చూపుతున్నవి.

చివరకు చెప్పవలసింది న్యాయం మాట. ప్రవేశపరీక్ష అందరికీ ఒక్కటే. దానికి సిద్ధపడే అవకాశం అందరికీ ఒక్కటి కాదు. పట్టణంలో వేలు, లక్షలు చెల్లించి కోచింగు పొందేవారు ఉన్నారు. ఇంటిలో ఆంగ్ల పత్రిక, పుస్తకాలు ఉన్నవారు ఉన్నారు. కూలి చేసుకొనే తల్లిదండ్రుల బిడ్డకు ఈ రెండూ లేవు. ఆ బిడ్డకు మిగిలింది పాఠశాల, ఊరి గ్రంథాలయం. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో వెలసినది. గ్రంథాలయోద్యమం తెలుగునాట ఊరూరా వ్యాపించినది. 1960లో పౌరగ్రంథాలయాల చట్టం కూడ వచ్చి, ఆస్తిపన్నుతో పాటు ప్రజలు గ్రంథాలయ సుంకం చెల్లిస్తున్నారు. ఆ సొమ్ముతో ప్రతి శాఖా గ్రంథాలయంలోను ఒక ఆంగ్ల దినపత్రిక, సులభమైన ఆంగ్ల గ్రంథాలు ఇరవై, ఒక మంచి నిఘంటువు ఉంచడం అసాధ్యం కాదు. విద్యార్థి పోయి చదువుకొనే వేళకు తలుపులు తెరిచి ఉంచడం అంతకంటె ముఖ్యం.

సి.యు.ఇ.టి. పదమూడు భాషలలో జరుగుతున్నది. వాటిలో తెలుగు ఉన్నది. విశ్వవిద్యాలయపు నియమాలు అనుమతించిన చోట తెలుగునే భాషాపత్రంగా వ్రాయవచ్చు, తక్కిన విషయాలను తెలుగు మాధ్యమంలో వ్రాయవచ్చు. ఈ హక్కు ఉన్నదని పల్లె విద్యార్థులకు చెప్పవలసిన బాధ్యత ఉపాధ్యాయులది. అయితే లోపలికి పోయిన తరువాత ఉపన్యాసాలు, గ్రంథాలు చాలవరకు ఆంగ్లంలోనే ఉంటవి. ఆంగ్ల పఠనాన్ని తప్పించుకొన్నవాడు దానిని వాయిదా వేసినవాడే అవుతాడు. కనుక ఉపాధ్యాయ మహాశయులు ఒక్క చిన్న పని చేపట్టవలెను. వారానికి ఒక గంట, తెలుగు తరగతిలో ఒకసారి, ఆంగ్ల తరగతిలో ఒకసారి, ఎన్నడూ చదవని ఒక పుటను విద్యార్థుల చేతికి ఇచ్చి, పావుగంట మౌనంగా చదవనిచ్చి, ‘ఇందులో ఏమున్నది?’ అని మాత్రం అడగవలెను. గైడు చూడకుండ, గురువు చెప్పకుండ, తనంతట తాను ఒక పుటను గ్రహించిన బాలుడు రెండవ పుటను తానే అడుగుతాడు. ఎనిమిదవ తరగతిలో ఈ అలవాటు మొదలైనవానికి ఇంటర్మీడియట్ చివర ఎదురయ్యే ఆంగ్ల గద్యభాగం మరొక పుట మాత్రమే అవుతుందని ఆశించడం అత్యాశ కాజాలదు.